వాక్యూమ్ తాళాల్లో లీకు: ముందు పరీక్షించాలా, అన్నీ ఒకేసారి మార్చాలా?

నీలిసెడాన్:
నా కారు మెర్సిడెస్-బెంజ్ డబ్ల్యూ123 శ్రేణికి చెందిన డీజిల్ బండి. డ్రైవర్ తలుపు తాళం తిప్పితే మిగతా తలుపులు, డిక్కీ, ఇంధన మూత కూడా వాక్యూమ్ (గాలిని పీల్చేసే) బలంతో పడాలి. ఇంజన్ నడుస్తున్నంతసేపూ అన్నీ చక్కగా పడుతున్నాయి కానీ, రాత్రంతా నిలిపి ఉంచితే తెల్లవారేసరికి ఒక్కటీ కదలడం లేదు. పైగా తాళంచెవి తిప్పి ఆపినా ఇంజన్ వెంటనే ఆగడం లేదు. తలుపుల లోపల తాళాన్ని కదిపే డబ్బాల్లో, అంటే యాక్చుయేటర్లలో, ఉండే రబ్బరు పొరలు (డయాఫ్రమ్‌లు) వయసుకు చిరిగిపోతాయి కాబట్టి అన్నింటినీ మార్చేయమని కొందరు, లీకు ఎక్కడుందో తేలేవరకు ఏమీ కొనవద్దని మరికొందరు చెబుతున్నారు. ఏది సరైన పద్ధతో కారణాలతో సహా వివరించగలరు.

పాతయంత్రం:
అన్నీ మార్చడమే మేలని నా అభిప్రాయం. ఆ రబ్బరు భాగాలన్నీ ఒకే కాలంలో తయారై, ఒకే ఎండను, ఒకే చలిని భరించాయి కాబట్టి ఒకటి చిరిగిందంటే మిగతావాటికీ గడువు దగ్గరపడిందనే అనుకోవాలి. తలుపు లోపలి ప్యానెల్ విప్పిన ప్రతిసారీ పెళుసుబారిన క్లిప్పులు విరుగుతాయి, లోపలి ప్లాస్టిక్ పొర చిరుగుతుంది. ఈ శ్రమ పదేపదే పడటం కంటే ఒక్కసారే పూర్తి చేసుకోవడం వివేకం.

గేజ్‌పట్టిన:
పాతయంత్రం గారు ప్యానెళ్ల గురించి చెప్పినది నిజమే. అయితే ప్యానెల్ విప్పకుండానే తేల్చగలిగినది చాలా ఉంది, ఆ పని ముందు జరగాలి.

డీజిల్ ఇంజన్‌కు వాక్యూమ్ కోసం ప్రత్యేక పంపు ఉంటుంది. బ్రేక్ బూస్టర్‌కూ, ఇంజన్‌ను ఆపే పరికరానికీ, తాళాలకూ ఆ పంపే ఆధారం. తాళంచెవిని ఆపు స్థానానికి తిప్పినప్పుడు ఇంజన్‌కు ఇంధనం పంపే ఇంజెక్షన్ పంపు మీదున్న చిన్న డబ్బాకు వాక్యూమ్ అంది ఇంధనం నిలిచిపోతుంది. తాళాల వైపు లీకు ఉంటే ఆ డబ్బాకు చాలినంత బలం అందదు. అందువల్ల నీలిసెడాన్ గారు చెప్పిన రెండు లక్షణాలకూ మూలం ఒకటే కావచ్చు. ఇంజన్ గదిలో తాళాలకు వెళ్లే సన్నని గొట్టాన్ని విడదీసి, పంపు వైపు ఉన్న కొసను బిగుతుగా మూసి, ఇంజన్‌ను ఆపి చూడండి. వెంటనే ఆగితే లోపం తాళాల వైపే ఉంది. ఆగకపోతే ఆపే డబ్బా, తాళంచెవి వెనుకనున్న వాల్వ్, డ్యాష్‌బోర్డు గొట్టాలు చూడాలి. అప్పుడు తలుపుల్లో కొత్త యాక్చుయేటర్లు పెట్టినా ఆ లక్షణం పోదు.

తరువాతి పరీక్షకు పనిముట్టు కూడా అక్కర్లేదు. డ్రైవర్ తలుపులోని ప్రధాన వాల్వ్, తాళం వేసినప్పుడు ఒక గొట్టానికి, తీసినప్పుడు మరో గొట్టానికి వాక్యూమ్‌ను మళ్లిస్తుంది. తాళాలు తీసి ఉన్నప్పుడు ఇంజన్ ఆలస్యంగా ఆగి, వేసి ఉన్నప్పుడు చప్పున ఆగితే లీకు తీసే వైపున మాత్రమే ఉన్నట్టు. రెండు స్థితుల్లోనూ ఒకే తీరుగా ఉంటే తాళాల కోసం వాక్యూమ్‌ను నిల్వ ఉంచే ట్యాంకు, దాని గొట్టం, ప్రధాన వాల్వ్ అనుమానించదగినవి. రెండు వైపులా వేర్వేరు లీకులు ఉండే అవకాశాన్నీ కొట్టివేయలేము. సగం వ్యవస్థను ఇంత సులువుగా పక్కన పెట్టే అవకాశాన్ని ఎందుకు వదులుకోవాలి?

పాతయంత్రం:
ఈ పరీక్ష ఏ వైపో చెబుతుంది కానీ ఏ తలుపో చెప్పదు కదా? పైగా ఈ రోజు నిలబడిన డయాఫ్రమ్ వచ్చే చలికాలంలో గట్టిపడి చిరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

గేజ్‌పట్టిన:
హామీ లేదన్నది ఒప్పుకుంటాను. కానీ తలుపును గుర్తించడం కష్టం కాదు. గేజ్ ఉన్న చేతిపంపుతో ఒక్కో శాఖను విడిగా పట్టి సుమారు 0.5 బార్, అంటే పాదరసం కొలతలో 380 మిల్లీమీటర్ల దరిదాపు వాక్యూమ్ లాగి, ముల్లు నిలకడగా ఉందో లేదో చూడాలి. ఇక్కడ చాలామంది పొరపడతారు: యాక్చుయేటర్‌కు రెండు ద్వారాలు ఉంటాయి, ఒకటి తాళం వేయడానికి, మరొకటి తీయడానికి. ఒక ద్వారం నిలిచిందని డబ్బా బాగుందని తేల్చకూడదు. కడ్డీ బయటికి వచ్చే వైపున ఉండే రబ్బరు తొడుగు చిరిగితే రెండో ద్వారమే కారుతుంది.

అసలు నా అభ్యంతరం మరొకటి. అన్నీ మార్చినవారు కూడా లీకు పోలేదని చెప్పడానికి ప్రధాన కారణం, డబ్బాలను మార్చి గొట్టాలను వదిలేయడం. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ కీళ్ల దగ్గర వంగే గట్టి ప్లాస్టిక్ గొట్టం అక్కడే పగులుతుంది, కొసలకు తొడిగే రబ్బరు కనెక్టర్లు వదులవుతాయి. ఇంజన్ ఆగగానే ట్యాంకులోని వాక్యూమ్ వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్ పాడైతే, తలుపుల్లో ఏ లోపమూ లేకపోయినా ఉదయానికి తాళాలు పనిచేయవు. ఇంకొక హెచ్చరిక: లీకు వెతకడానికి ఈ గొట్టాల్లోకి కంప్రెసర్ గాలి ఊదకండి, బాగున్న డయాఫ్రమ్ కూడా చిరిగిపోవచ్చు.

సన్ననిగొట్టం:
ఈ చర్చ ఇంజన్ వాక్యూమ్‌తో నడిచే వ్యవస్థకే వర్తిస్తుందని చదివేవారు గమనించాలి. డబ్ల్యూ126 వంటి తరువాతి కార్లలో విద్యుత్ పంపు ఒకే గొట్టం ద్వారా వాక్యూమ్‌నూ పీడనాన్నీ పంపుతుంది. అక్కడ లీకుకు గుర్తు పంపు ఆగకుండా చాలాసేపు మోగడం.

నీలిసెడాన్:
చెప్పినట్టే చూశాను. గొట్టం మూసినప్పుడు ఇంజన్ వెంటనే ఆగింది. తిరిగి కలిపాక, తాళాలు తీసి ఉన్నప్పుడే ఆలస్యమవుతోంది. చేతిపంపు పెడితే వెనుక ఎడమ తలుపు శాఖలో ముల్లు దిగిపోతోంది, మిగతా శాఖలు నిలబడుతున్నాయి.

పాతయంత్రం:
అయితే ఆ తలుపు యాక్చుయేటర్‌ను ఒక్కదాన్నే మార్చండి, నేను పట్టుబట్టను. కానీ కొనేముందు కీలు దగ్గరి గొట్టాన్ని విడిగా పరీక్షించండి. ఆ ప్యానెల్ ఎలాగూ విప్పుతారు కాబట్టి లోపలి రబ్బరు కనెక్టర్లు గట్టిపడి ఉన్నా లేకపోయినా కొత్తవి వేయండి. ఈ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

గేజ్‌పట్టిన:
కనెక్టర్ల విషయంలో నాకూ అభ్యంతరం లేదు. ప్యానెల్ బిగించే ముందు రెండు ద్వారాలనూ మరోసారి గేజ్‌తో చూడండి.