వివక్షను ఎదుర్కోవడం నేర్పడానికి ఫోరమ్ థియేటర్: ఎలా నడపాలి?

ప్రశ్న (శిక్షణ విభాగం)

ఒక పెద్ద సంస్థలో సిబ్బంది శిక్షణ బాధ్యత చూస్తున్నాను. వివక్ష నిరోధం మీద ఇంతవరకూ మేమిస్తున్న శిక్షణ అంతా నిబంధనలను తెరమీద చూపించి, చివర ఒక ప్రశ్నపత్రం ఇవ్వడంతో ముగుస్తోంది. ఆ పరీక్షలో దాదాపు అందరూ ఉత్తీర్ణులవుతారు. కానీ సమావేశంలో ఎవరైనా ఒక సహోద్యోగిని యాసనో, పుట్టుకనో, వైకల్యాన్నో పట్టుకుని చులకన చేసినప్పుడు, అదే మనుషులు తల దించుకుని కాగితాలు సర్దుకుంటూ కూర్చుంటారు. ఏది తప్పో వారికి తెలుసు. ఆ క్షణంలో నోరు తెరవడం ఎలాగో తెలియదు.

అందుకే ప్రేక్షకులను కూడా పాల్గొనేలా చేసే నాటక పద్ధతిని ప్రయత్నించాలనుకుంటున్నాను. మామూలు రోల్‌ప్లేకూ దీనికీ అసలు తేడా ఏమిటి? సన్నివేశం ఎలా ఉండాలి? వివక్షను స్వయంగా అనుభవించినవారు అదే హాల్లో కూర్చుని ఉంటారు కదా, వారిని మళ్లీ బాధపెట్టకుండా దీన్ని నడపడం సాధ్యమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (రంగస్థల కార్యకర్త)

మీరు వెతుకుతున్నది ఫోరమ్ థియేటర్. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోవాల్ రూపొందించిన ‘పీడితుల నాటకరంగం’ అనే పద్ధతుల సముదాయంలో ఇది ప్రధానమైనది. ఇది పుట్టిన తీరు తెలిస్తే మీ మొదటి ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది. సైనిక పాలన వల్ల దేశం విడిచి వెళ్లిన బోవాల్, 1973లో పెరూలో ఒక అక్షరాస్యతా కార్యక్రమంతో కలిసి పనిచేశారు. అప్పట్లో నటులు ఒక సమస్యను ప్రదర్శించి ఆపేవారు, ప్రేక్షకులు పరిష్కారాలు చెబితే వాటిని నటులే ఆడి చూపించేవారు. ఒక ప్రదర్శనలో ఒక ప్రేక్షకురాలు సూచించిన పరిష్కారాన్ని నటి ఎన్ని విధాలుగా చేసినా ఆమెకు తృప్తి కలగలేదు. చివరికి బోవాల్ ఆమెనే వేదిక మీదికి వచ్చి చేసి చూపించమన్నారు. ఆమె మనసులో ఉన్నదేమిటో ఆమె చేసినప్పుడే అందరికీ అర్థమైంది. చూసేవాడే చేసేవాడు కావాలన్న సూత్రం అక్కడ రూపుదిద్దుకుంది.

మామూలు రోల్‌ప్లేలో సరైన జవాబు శిక్షకుడి దగ్గర ముందే ఉంటుంది, పాల్గొనేవారు దాన్ని అప్పజెబుతారు. ఫోరమ్ థియేటర్‌లో జవాబు ఎవరి దగ్గరా ఉండదు. సన్నివేశాన్ని మొదటిసారి చివరిదాకా ఆడతారు, అది ఓటమితోనే ముగుస్తుంది. రెండోసారి మొదలుపెట్టినప్పుడు ప్రేక్షకుల్లో ఎవరైనా ‘ఆపండి’ అని, ఒక పాత్ర స్థానంలోకి వచ్చి వేరే దారి ప్రయత్నించవచ్చు. మిగతా నటులు తమ పాత్ర స్వభావాన్ని వదలకుండా ఎదురు నిలుస్తారు. శిక్షణ అంతా ఈ ప్రతిఘటనలోనే ఉంది, కాబట్టి నటులు త్వరగా లొంగిపోకూడదు.

ఉదాహరణకు ఒక ఇంటర్వ్యూ సన్నివేశం తీసుకోండి. ముగ్గురు సభ్యుల బోర్డు. అభ్యర్థిని పని గురించి చక్కగా జవాబులు చెబుతుంది. అధ్యక్షుడు నవ్వుతూ, ‘పెళ్లయి ఏడాదే అయిందన్నమాట. మరి పిల్లల సంగతి ఏమనుకుంటున్నారు?’ అంటాడు. రెండో సభ్యురాలు కలం మూత తీస్తూ పెడుతూ ఉంటుంది, మూడో సభ్యుడు దరఖాస్తులోకి చూస్తాడు. అభ్యర్థిని గొంతు సవరించుకుని ఏదో చెబుతుంది, ఉద్యోగం రాదు. ఇప్పుడు ప్రేక్షకుల్లోంచి ఒకరు రెండో సభ్యురాలి కుర్చీలో కూర్చుని, ‘ఆ ప్రశ్న అడగకూడదు సార్’ అంటారు. అధ్యక్షుడి పాత్రధారి నొచ్చుకున్నట్టు, ‘ఊరికే మాటవరసకు అడిగానమ్మా, ఇందులో తప్పేముంది?’ అంటాడు. హాల్లో అంత ధైర్యంగా లేచి వచ్చిన మనిషి సరిగ్గా అక్కడ తడబడతారు. పై అధికారి నొచ్చుకున్నప్పుడు ఏం చేయాలన్నది ఏ నిబంధనల పుస్తకంలోనూ ఉండదు. ఆ తర్వాత వచ్చేవారు మరో దారి వెతుకుతారు. ఒకరు అభ్యర్థిని చేసిన పని గురించి ప్రశ్న వేసి సంభాషణను మళ్లిస్తారు. ఇంకొకరు అందరు అభ్యర్థులనూ అడగాల్సిన ప్రశ్నల జాబితాను బయటికి తీసి, దాని ప్రకారమే వెళదామంటారు.

సన్నివేశం అయిదారు నిమిషాలు దాటనివ్వకండి. దుర్మార్గుణ్ణి పచ్చి దుర్మార్గుడిగా రాయకండి. అలా రాస్తే ప్రేక్షకుల్లో ప్రతి ఒక్కరూ ‘నేను అలాంటివాణ్ణి కాను’ అని ఊపిరి పీల్చుకుంటారు.

సమాధానం 2 (ఫెసిలిటేటర్)

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, సంస్థల్లో ఎదురయ్యే ఒక చిక్కును ప్రస్తావించాలి. బోవాల్ సంప్రదాయం ప్రకారం ప్రేక్షకులు మార్చదగినది పీడితుడి పాత్రను. పీడకుడి స్థానంలోకి వచ్చి అతణ్ణి మంచివాడిగా మార్చేస్తే అది గారడీ అవుతుంది, సమస్య మాయమైపోతుంది. బాధితులే గుమికూడిన చోట ఈ నియమం ఎంతో బలమైనది, ఎందుకంటే వారు తమ పోరాటానికి తామే రిహార్సల్ చేసుకుంటున్నారు. అదే నియమాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఒక సంస్థలోకి తెస్తే, ‘వివక్షకు గురైన మనిషి ఇంకా నేర్పుగా ప్రవర్తించి ఉండాల్సింది’ అనే పాఠం తెలియకుండానే అందుతుంది. కాబట్టి అక్కడ పక్కన ఉండి చూసినవారి పాత్రలను తెరవాలన్నది, అంటే ప్రేక్షకులను ఆ పాత్రల స్థానంలోకి రానివ్వాలన్నది, నా గట్టి అభిప్రాయం. ఇంటర్వ్యూ సన్నివేశంలో అసలు నేర్చుకోవలసింది ఆ కలం మూతతో ఆడుకుంటున్న సభ్యురాలు.

ఇక నడిపించేవారి విషయం. ఈ పద్ధతిలో ఆ పాత్రను జోకర్ అంటారు. పేకముక్కల్లో జోకర్ లాగా ఏ పక్షానికీ చెందకుండా, ప్రేక్షకులకూ వేదికకూ మధ్య వారధిగా ఉండాలి. ప్రతి ప్రయత్నం తర్వాత చప్పట్లు కొట్టించి తర్వాతి వారిని పిలవడం తేలిక, కానీ అప్పుడు అది ప్రతిభా పోటీ అయిపోతుంది. అక్కడ ఆగి అడగాలి. ముందుగా ప్రయత్నించిన వ్యక్తినే: ‘మీరు ఏం సాధించాలనుకున్నారు? ఎక్కడ కష్టమనిపించింది?’ తర్వాత పాత్రధారులను: ‘ఆ మాట విన్నప్పుడు అభ్యర్థినిగా మీకేమనిపించింది? అధ్యక్షుడిగా మీకు?’ చివరగా సభను: ‘మీరున్న చోట ఇది సాగుతుందా? సాగకపోతే ఏది అడ్డం?’ బాగుంది, బాగాలేదు అనే తీర్పు మీ నోటి నుంచి రాకూడదు. ఒకవేళ ఎవరైనా సాయం చేసే ఉద్దేశంతోనే అభ్యర్థిని తరఫున తామే జవాబులు చెప్పడం మొదలుపెడితే, ఆమె పాత్రధారిని అడగండి. తనను పక్కనపెట్టి తన గురించి మాట్లాడుకున్నారన్న సంగతి ఆమె నోటి నుంచి వచ్చినప్పుడు, ఎంతటి ఉపన్యాసమూ చేయలేని పని జరుగుతుంది.

సమాధానం 3 (పాల్గొన్న వ్యక్తి)

నేను వినికిడి లోపం ఉన్న ఉద్యోగిని. ఇలాంటి శిక్షణల్లో ప్రేక్షకురాలిగానూ పాత్రధారిగానూ పాల్గొన్నాను. మీ మూడో ప్రశ్నకు నా వైపు నుంచి జవాబు చెబుతాను.

ఏ ఒక్కరి నిజజీవిత సంఘటననూ యథాతథంగా వేదిక మీదికి తేకండి. అనేక అనుభవాలను కలిపి, ఎవరినీ గుర్తుపట్టలేని విధంగా సన్నివేశం అల్లాలి. సన్నివేశం రాసే దశలో మాత్రం ఆ వివక్ష తెలిసినవారు తప్పక ఉండాలి, ఆ పనికి వారికి గుర్తింపూ పారితోషికమూ ఇవ్వాలి. నా అనుభవంలో సమావేశాల్లో నన్ను నొప్పించేది వెక్కిరింత కాదు. అందరూ నవ్విన తర్వాత నేను ‘ఏమన్నారు?’ అని అడిగితే, ‘ఏం లేదులెండి, తర్వాత చెబుతాం’ అని వచ్చే జవాబు. ఆ మాటను స్క్రిప్టులో పెట్టాలని బయటివారికి తోచదు.

వేదిక మీదికి రావడం ఎవరికీ తప్పనిసరి కాకూడదు. ఏ విషయం మీద సన్నివేశం ఉంటుందో ముందురోజే చెప్పండి, మధ్యలో బయటికి వెళ్లడానికి కారణం చెప్పనక్కర్లేదని ప్రకటించండి. అన్నిటికంటే ముఖ్యంగా, హాల్లో ఉన్న ఏకైక వికలాంగుడి వైపో, ఏకైక మైనారిటీ వ్యక్తి వైపో తిరిగి ‘మీరు చెప్పండి, నిజంగా ఇలాగే ఉంటుందా?’ అని అడగకండి. సాక్ష్యం చెప్పే భారం మాదే అయితే ఆ శిక్షణ మా భుజాల మీద నడిచినట్టే.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. పక్కనున్నవారి పాత్రలను తెరవాలన్న మాట నాకు బాగా పనికొస్తుంది. ఇంకొక్క సందేహం. అధికారులనూ వారి కింద పనిచేసేవారినీ ఒకే సభలో కూర్చోబెట్టవచ్చా? ఒక్కసారి నిర్వహిస్తే ఫలితం ఉంటుందా?

సమాధానం 2 (ఫెసిలిటేటర్)

మొదట విడివిడిగా నిర్వహించండి. తన పై అధికారి రెండో వరుసలో కూర్చుని ఉండగా, అతణ్ణే పోలిన పాత్రను ఎదిరించే సాహసం ఎవరూ చేయరు. చేసినా ఆ తర్వాత దాని పర్యవసానం వారే అనుభవించాలి. రెండు సభల్లో వచ్చిన ప్రయత్నాలను పేర్లు లేకుండా రాసుకుని, ఆ తర్వాతే కలిపి కూర్చోబెట్టే ఆలోచన చేయండి.

ఒక్కసారితో సరిపోదు, ఎందుకంటే కొన్ని అడ్డంకులు మనుషుల ధైర్యానికి సంబంధించినవి కావు. బోవాల్ రియో డి జనీరో నగర కౌన్సిల్ సభ్యుడిగా ఉన్న 1993–1996 కాలంలో, ఇలాంటి ప్రదర్శనల్లో ప్రజలు చేసిన ప్రతిపాదనలను బిల్లులుగా మలిచారు, వాటిలో 13 చట్టాలయ్యాయి. ఒక సంస్థకూ ఇది వర్తిస్తుంది. ఇంటర్వ్యూ సన్నివేశంలో వచ్చినవారంతా ప్రశ్నల జాబితా కోసం వెతికి, అలాంటిది మీ సంస్థలో లేదని తేలితే, దాన్ని తయారుచేయాల్సింది యాజమాన్యం. సభకు ముందే వారితో మాట్లాడి, వచ్చే ప్రతిపాదనలకు గడువులోగా రాతపూర్వకంగా జవాబిస్తామన్న హామీ తీసుకోండి. ఆ హామీ దొరకకపోతే కార్యక్రమాన్ని వాయిదా వేయమనే చెబుతాను.