చరకుడి ఉపేక్షణం, తిక్కన ఉపేక్ష

డాక్టరు: ప్రాచీన ఆయుర్వేద గ్రంథం చరకసంహితలో, సూత్రస్థానమనే భాగం తొమ్మిదో అధ్యాయం చివర, వైద్యుడి నడవడి నాలుగు విధాలని చెప్పే శ్లోకం కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. ‘మైత్రీ కారుణ్యమార్తేషు’ (బాధపడేవాళ్ల పట్ల స్నేహం, దయ) తరువాత ‘శక్యే ప్రీతిః’ (నయం చేయగలవాళ్ల పట్ల ప్రీతి) అనా, ‘సాధ్యే ప్రీతిః’ అనా? ఆపైన ప్రకృతిస్థుల పట్ల ఉపేక్షణం, అంటే ఊరుకోవడం, అని గుర్తు. ప్రకృతిస్థులంటే ఆరోగ్యవంతులైతే పేచీ లేదు. చావుకు చేరువైనవాళ్లయితే, వాళ్లను ఉపేక్షించమన్నాడా? నేను పనిచేసేది నయంకాని క్యాన్సర్ రోగుల వార్డులో. అందుకే అడుగుతున్నాను.

సంస్కృతం మాస్టారు: ‘శక్యే ప్రీతిరుపేక్షణమ్’ అనే ఉంది. ఉత్తరార్ధం ‘ప్రకృతిస్థేషు భూతేషు వైద్యవృత్తిశ్చతుర్విధా’. ప్రకృతి అంటే ఇక్కడ మరణమే. కాళిదాసు రఘువంశంలో, భార్య ఇందుమతి పోయాక వసిష్ఠుడు అజమహారాజుకు పంపిన కబురు తలచుకోండి: ‘మరణం ప్రకృతిః శరీరిణాం’, దేహధారులకు చావే ప్రకృతి అని.

ఆయుర్వేద విద్యార్థిని: కాళిదాసు దాకా ఎందుకు మాస్టారూ? చరకుడి అదే అధ్యాయంలో నాలుగో శ్లోకం ‘వికారో ధాతువైషమ్యం సామ్యం ప్రకృతిరుచ్యతే’. దేహాన్ని నిలిపే ధాతువులు సమం తప్పితే రోగం, సమంగా ఉంటే ప్రకృతి అని. ధాతుసామ్యమే ప్రకృతి అయితే, ప్రకృతిస్థుడు ఏ బాధా లేనివాడు. అతడి జోలికి పోవద్దంటున్నాడు. రక్తపరీక్షలో ఒక అంకె కాస్త అటూ ఇటూ అయితే చాలు, మాత్రలు మొదలుపెట్టే ఈ రోజుల్లో ఆ మాట ఎంత అవసరమో!

సంస్కృతం మాస్టారు: అలాగైతే అసాధ్యరోగి ఎక్కడికి పోవాలమ్మా? పదో అధ్యాయంలో, అసాధ్యానికి చికిత్స చేసే వైద్యుడికి ‘అర్థవిద్యాయశోహాని’ (డబ్బు, విద్య, కీర్తి పోవడం) తప్పదన్నది కూడా చరకుడే.

ఆయుర్వేద విద్యార్థిని: ‘ఆర్తేషు’లోకి వస్తాడు. ఆర్తుల్లో సాధ్యులు, అసాధ్యులు అనే భేదం లేదు. చికిత్స వద్దన్నాడు గాని కారుణ్యం వద్దనలేదు.

నెల్లూరి పాఠకుడు: ఉపేక్ష గురించి మాట్లాడుతూ ఇంతసేపు తిక్కనను తలవకుండా ఎలా ఉన్నారండీ! కౌరవసభలో కృష్ణుడి చేత అనిపించాడు: ‘చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె/వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు’. ధర్మం చెడిపోతుంటే ఆపగలవాళ్లు ఊరుకుంటే అది వాళ్లకే చేటని. సంస్కృత మూలంలో ‘హన్యతే ప్రేక్షమాణానాం’ అని ఉంది, అంటే చూస్తుండగా. తిక్కన ఆ ‘ప్రేక్ష’ను ‘ఉపేక్ష’ చేశాడు. వట్టి చూపు కాస్తా, చేయగలిగి ఉండీ ఊరుకోవడం అయింది. ‘సభాసదులు’ అన్నచోట ‘దక్షులు’ అన్నాడు. ఆ ఒక్క మాటకు భీష్మద్రోణులు తలెత్తుకోలేరు. పాదం దాటి ‘ఎవ్వార’లోకి వెళ్లేటప్పుడు గొంతు ఎలా లేస్తుందో పైకి చదివి చూడండి. వైద్యుడి నాలుగు గుణాల్లో చరకుడు దాక్ష్యాన్నీ (నేర్పునీ) చేర్చాడు కదా, మరి ఆ దక్షుడు ఉపేక్షిస్తే?

సంస్కృతం మాస్టారు: కృష్ణుడు చెప్పింది పూనుకుంటే నిలిచే ధర్మం సంగతి. ఎంత పూనుకున్నా నిలవని దేహం సంగతి చరకుడిది. రెంటినీ ముడిపెట్టకూడదు. యోగసూత్రాల్లో పతంజలి ‘మైత్రీకరుణాముదితోపేక్షాణాం’ అని మైత్రి, కరుణ, సంతోషాలతో పాటు చెప్పినప్పుడు ఉపేక్ష చిత్తప్రసాదనానికి, అంటే మనసు తేటపడడానికి, దారే గాని దోషం కాదు.

నెల్లూరి పాఠకుడు: కావచ్చు. తెలుగు చెవికి మాత్రం తిక్కన తరువాతే పతంజలి.

డాక్టరు: మా దగ్గర మింగగలిగినన్నాళ్లు నాలుగు గంటలకోసారి మార్ఫిన్ ఇస్తాం. మింగలేని స్థితి వచ్చాక తడి దూదితో పెదవులు, నాలుక తుడుస్తాం, ఒరుసుకుపోకుండా పక్కకు తిప్పి పడుకోబెడతాం. సెలైన్ పెట్టమని, ఐసీయూకు మార్చమని కొడుకులు పట్టుబడతారు. మార్చకపోతే ఉపేక్షించారనే అంటారు. ఉప, ఈక్ష అని విడదీసి ‘దగ్గరుండి చూడడం’ అనుకోకూడదా?

సంస్కృతం మాస్టారు: వ్యుత్పత్తి సరే, రూఢి ఒప్పుకోదు. పట్టించుకోకపోవడం అనే అర్థం సంస్కృతంలోనే స్థిరపడింది. తటస్థంగా ఉండడం వరకు రావచ్చు, అంతకు మించి లాగలేం. మార్ఫిన్ అనగానే మళ్లీ అజవిలాపమే గుర్తొచ్చింది: ‘విషమప్యమృతం క్వచిద్భవేత్’, ఒక్కోచోట విషమూ అమృతమవుతుందని. పూలదండ తగిలి భార్య పోయిందే, అదే దండ గుండె మీద వేసుకుంటే నన్నెందుకు చంపదు అని అడిగి, ఆ వెంటనే అన్న మాట!

ఆయుర్వేద విద్యార్థిని: ‘ఈశ్వరేచ్ఛయా’ అని అజుడు దేవుడి మీద పెట్టాడు. చరకుడు వైద్యుడి మీదే పెట్టాడు మాస్టారూ: ‘యోగాదపి విషం తీక్ష్ణముత్తమం భేషజం భవేత్’, సరిగా వాడితే తీవ్రమైన విషమూ మేలైన మందవుతుందని. ఇది మొదటి అధ్యాయంలోనే ఉంది.

నెల్లూరి పాఠకుడు: బాగుంది. తిక్కన పదిహేను పర్వాల్లో ఉపేక్షను మంచి అర్థంలో వాడిన చోటు ఒక్కటైనా ఉందా? శాంతిపర్వంలో వెతుకుతున్నాను. ఎవరికైనా తగిలితే పద్యం పూర్తిగా పెట్టండి.