ఆగ్నెస్ గౌను ధరించడం స్త్రీవాదపు ఓటమేనా?

ప్రశ్న:
1895లో లండన్‌లో ప్రదర్శితమైన, ఆంగ్ల నాటకకర్త పినేరో నాటకం ‘ది నొటోరియస్ మిసెస్ ఎబ్‌స్మిత్’ చదువుతున్నాను. వివాహ వ్యవస్థను ధిక్కరించిన ఆగ్నెస్, ప్రియుడు లూకస్ కొనితెచ్చిన గౌనును మొదట ఏవగించుకుంటుంది; కానీ రెండో అంకం ముగిసేలోపు అతన్ని నిలుపుకోవడానికి దాన్నే ధరిస్తుంది. దీన్ని స్త్రీత్వం చేతిలో స్త్రీవాదం ఓడిపోవడంగా చదవాలా?

మొదటి సమాధానం:
‘స్త్రీవాదం’ అన్న మాటను జాగ్రత్తగా వాడాలి. అప్పటి పత్రికలు, ప్రేక్షకులు ఎక్కువగా వాడిన పేరు ‘న్యూ వుమన్’, అంటే పాత కట్టుబాట్లను కాదని స్వతంత్రంగా బతకాలనుకునే కొత్త తరం స్త్రీ. సిడ్నీ గ్రండీ 1894లో అదే పేరుతో ఒక వెక్కిరింత నాటకం కూడా రాశాడు.

రెండో సమాధానం:
ఓడిందనడం కంటే ఓడించారనడం సబబు. స్త్రీత్వమూ హక్కుల స్పృహా ఒకే ఒంట్లో ఇమడవన్న నియమం ఆగ్నెస్ పెట్టుకున్నది కాదు, పినేరో పెట్టినది. అందుకే ఆమెకు ముందు గౌను తొడిగాడు; మూడో అంకంలో ఆమె చేత బైబిలును పొయ్యిలోకి విసిరించి, మరుక్షణమే కేక పెట్టించి, చేయి కాలుతున్నా దాన్ని బయటికి లాగించాడు. రంగస్థలం మీద ఆ ఘట్టం అదిరిపోయి ఉంటుంది, కాదనను. కానీ అంతవరకు ఆమె చేసిన వాదనకు అది జవాబు కాదు. అదే ఏడాది వచ్చిన ఆస్కార్ వైల్డ్ నాటకం ‘యాన్ ఐడియల్ హజ్బెండ్’లో పని మరింత నాజూకుగా జరిగింది. ఫ్యాక్టరీ చట్టాలు, ఎనిమిది గంటల పనిదినం, ఓటు హక్కు గురించి చర్చించే మహిళా సంఘంలో సభ్యురాలైన లేడీ చిల్టర్న్, పురుషుడి జీవితమే ఎక్కువ విలువైనదంటూ భర్త స్నేహితుడు గోరింగ్ చేసిన బోధను నాలుగో అంకంలో దాదాపు మాట పొల్లుపోకుండా భర్తకు అప్పజెబుతుంది. వైల్డ్ నవ్వుతున్నాడో, నిజంగానే అంటున్నాడో నాకింకా తేలలేదు.

మూడో సమాధానం:
బెర్నార్డ్ షా 1893లో రాసిన నాటకం ‘మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్’ను వీటి పక్కన పెట్టి పోల్చి చూడండి. సెన్సారు అనుమతి నిరాకరించడంతో అది 1902 దాకా ఆడలేదు, అదీ ప్రైవేటు ప్రదర్శనగానే. అందులో మిసెస్ వారెన్ కూతురు, కేంబ్రిడ్జిలో గణితం చదివిన వివీ నడుముకు ఫౌంటెన్ పెన్ను వేలాడుతుంటుంది. చేయి కలిపితే ఎదుటివాడి వేళ్లు నలిగిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
అంటే షా కూడా స్త్రీత్వాన్ని తీసేసే ఆమెకు స్వేచ్ఛనిచ్చాడు కదా?

మూడో సమాధానం ఇచ్చినవారు:
కొంతవరకు నిజమే. అయితే ఆ తీసివేతకు ఖరీదు ఎంతో షా దాచలేదు. చివర వివీ చేయి చాపితే తల్లి అందుకోకుండా వెళ్లిపోతుంది. వివీ తనను ప్రేమించిన ఫ్రాంక్ రాసిన చీటీని చింపి పారేసి, లెక్కల్లో మునిగిపోతుంది.