చెవిపోటుకు వెల్లుల్లి నూనె పోయవచ్చా?

వేళచ్చేరి కోడలు:
మావారికి ఎడమ చెవి పోటు. శనివారం మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో పిల్లాడితో పాటు దిగారు, సోమవారానికి మొదలైంది. ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతున్నారు. జ్వరం, జలుబు లేవు. పైగా ఆఫీసు కాల్స్ అంటూ రోజంతా చెవిలో బ్లూటూత్ తీయరు. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య నువ్వుల నూనెలో వెల్లుల్లి కాచి గిన్నెతో సహా సిద్ధంగా ఉన్నారు. వద్దంటే ఆవిడకు కోపం, పోస్తే నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

పెరంబూర్ మందుల షాపు:
అమ్మా, నూనె పక్కన పెట్టండి. ముందు చెవి రంధ్రానికి ఎదురుగా చెంప వైపు ఉండే చిన్న మెత్తని బొడిపె నొక్కి చూడండి, చెవి డొప్ప కూడా మెల్లగా లాగండి. అప్పుడు ప్రాణం పోయినట్టు అరిస్తే నొప్పి బయటి గొట్టంలోదే అయి ఉంటుంది. నీళ్ళు నిలిచి చర్మం నాని, ఇన్ఫెక్షన్ పట్టడం మా చెన్నై ఉక్కలో మామూలే. జలుబు తర్వాత లోపల పోటు పెడుతూ, నొక్కినా తేడా లేకపోతే కర్ణభేరి వెనక సమస్య కావచ్చు. రెండూ కాక నమిలినప్పుడే నొప్పంటే దవడనో, జ్ఞానదంతాన్నో అనుమానించాలి.

కర్ణభేరికి చిల్లు ఉందో లేదో చూడకుండా నూనె గానీ, ఇంట్లో మిగిలిన పాత చుక్కలు గానీ వేయకూడదు. షాపుకొచ్చి "ఏదో ఒక డ్రాప్స్ ఇవ్వండి" అనేవాళ్ళకీ నేనిదే చెబుతాను, బేరం పోతే పోయింది.

నెల్లూరు నర్సు:
పై మాటే నాదీ. నొప్పికి పారాసెటమాల్ వేయొచ్చు, పెద్దవాళ్ళకు 24 గంటల్లో మొత్తం 4 గ్రాములు దాటకూడదు. లివర్ జబ్బు ఉన్నా, మందు తాగే అలవాటున్నా ముందే డాక్టర్ని అడగాలి. పొడి గుడ్డ వెచ్చచేసి బయట కాపడం పెట్టండి. తలస్నానం వాయిదా. మామూలు స్నానానికి వాజలిన్ రాసిన దూది చెవి బయట పెట్టి, అవగానే తీసేయాలి. బ్లూటూత్ బంద్. పుల్లలు, పిన్నీసులు, బడ్స్ అసలే వద్దు. గులిమి తీయాల్సిన చెత్త కాదు, చెవికి కాపలా.

షుగర్ ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. వాళ్ళకు ఈ ఇన్ఫెక్షన్ ఎముకలోకి పాకే ప్రమాదం ఉంది. చెవి వెనక వాపు, మూతి వంకరపోవడం, కళ్ళు తిరగడం, జ్వరం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి.

వేళచ్చేరి కోడలు:
నొక్కగానే చెయ్యి విసిరికొట్టారు! షుగర్ లేదు. దురద కూడా ఉందట, తువ్వాలు మీద నల్లని చుక్కల్లాంటివి కనిపించాయి.

పెరంబూర్ మందుల షాపు:
దురద, నల్ల చుక్కలు అంటే ఫంగస్ కావచ్చు. దానికి యాంటీబయాటిక్ చుక్కలు పనిచేయవు, ఒక్కోసారి ఇంకా పెంచుతాయి. నూనె తేమతోనూ అదే బాధ. ఈ.ఎన్.టి. డాక్టర్ చెవి శుభ్రం చేసి మందు రాస్తారు. వాచి గొట్టం మూసుకుపోతే మందు లోపలికి దిగేలా చిన్న వత్తి పెడతారు. ఖర్చు భారమనుకుంటే సెంట్రల్ స్టేషన్ ఎదురుగా పెద్దాసుపత్రి ఉంది, ఉదయమే ఓపీకి వెళ్ళండి.

చుక్కలు రాసిస్తే సీసాను కాసేపు అరచేతిలో పట్టుకుని వెచ్చబడ్డాకే వేయండి. చల్లగా పడితే తల తిరుగుతుంది. వేశాక అయిదు నిమిషాలు ఆ చెవి పైకి ఉండేలా పడుకోమనండి, అప్పుడైనా ఫోన్ వదలమనండి.