టీబీ, హెచ్‌ఐవీ మందులు ఒకే గదిలో ఇవ్వాలా, వేరువేరుగానా?

పల్లెనర్సు:
రెండు జబ్బులూ ఒకే ఒంట్లో ఉన్న మనిషిని టీబీ మాత్రలకు ఒక రోజు ఒక చోటికి, హెచ్‌ఐవీ మాత్రలకు ఇంకో రోజు ఇంకో చోటికి తిప్పుతున్నాం. మొన్న ఒకావిడ రెండు చోట్ల కార్డులూ ఒకే గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చింది. టీబీ కార్డులో హెచ్‌ఐవీ మందు ఊసే లేదు, హెచ్‌ఐవీ కార్డులో టీబీ ఊసు లేదు. టీబీ మందు రిఫాంపిసిన్ వాడుతుంటే కాలేయం హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్‌ను తొందరగా విరిచేస్తుంది. అందుకే 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండు పూటలా పడాలి. ఆవిడ నెలరోజులుగా ఒక్క పూటే వేసుకుంటోంది. అడిగితే రెండు చోట్లా "మా పని మేం చేశాం" అన్నారు. నిజమే, ఎవరి పని వాళ్లు చేశారు. మధ్యలో నలిగింది ఆవిడ. రెండూ ఒకే గదిలో, ఒకరి చేతి మీదుగానే ఇవ్వాలంటాను. మీరేమంటారు?

ల్యాబ్‌తమ్ముడు:
అక్కా, మీ బాధ నిజమే, కానీ నాకు భయంగా ఉంది. దక్షిణాఫ్రికాలో టుగెలా ఫెర్రీ అనే పల్లె ఆసుపత్రి సంగతి 2006లో బయటికొచ్చింది. ముఖ్యమైన మందులకు లొంగని ఎక్స్‌డీఆర్ టీబీ 53 మందిలో దొరికితే 52 మంది చనిపోయారు. వాళ్లలో హెచ్‌ఐవీ పరీక్ష చేసినవాళ్లందరికీ పాజిటివే. సుమారు సగం మంది అంతకుముందు టీబీ మందు ముట్టనివాళ్లు. అంటే మొండి క్రిమి వాళ్లకు ఇంకొకరి దగ్గు నుంచే అంటింది. రోగనిరోధక శక్తి పడిపోయినవాళ్లను దగ్గేవాళ్ల పక్క బెంచీ మీద కూర్చోబెట్టమంటారా?

పల్లెనర్సు:
వద్దు తమ్ముడూ. ఒకే గది అన్నాను గానీ ఒకే బెంచీ అనలేదు. అదే దేశంలో, డర్బన్‌లో చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. టీబీ కోర్సు నడుస్తుండగానే ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీ మందుల చికిత్స, మొదలుపెట్టినవాళ్లలో చావులు, కోర్సు అయ్యేదాకా ఆగినవాళ్లకంటే 56 శాతం తక్కువ. ఆ చికిత్స మొదలయ్యేలోపు పోయే ప్రాణాలు కూడా లెక్కలోకి రావాలి కదా.
గాలి సంగతికొస్తే, పెరూ రాజధాని లిమా ఆసుపత్రుల్లో కొలిచి 2007లో ప్రచురించారు. ఎత్తు కప్పు ఉన్న పాత గదుల్లో తలుపులూ కిటికీలూ బార్లా తెరిస్తే, యంత్రాలతో గాలి ఆడించే గదులకంటే గాలి ఎక్కువ మారింది. మా దగ్గర ఒక కిటికీ రెక్క మేకుతో బిగించి ఉండేది. ఆ మేకు నేనే పీకించాను.

కోలుకున్నవాడు:
అమ్మా, నాకు టీబీ వచ్చి తగ్గింది, హెచ్‌ఐవీ లేదు. రెండూ ఒకే గదిలో అయితే ఆ గుమ్మం దాటిన ప్రతివాడికీ రెండో జబ్బు పేరు కూడా అంటిస్తారు. అలా అయితే నేను ఆర్నెల్ల కోర్సు పూర్తిచేసేవాడిని కాదేమో. మీ లెక్కల్లో ఇది కనిపించదు.

పల్లెనర్సు:
ఇది నాకు తట్టలేదు, మన్నించండి. అయితే ఆ గదికి బోర్డే ఉండకూడదు. బీపీ మాత్రలకు వచ్చినవాళ్లు కూర్చునే ఓపీలోనే ఇవ్వాలి.

ల్యాబ్‌తమ్ముడు:
బోర్డు తీసేస్తే బీపీవాళ్లూ ఆ గాలే పీలుస్తారు అక్కా! అందుకే గేటు దగ్గరే వేరుచేయాలి. దగ్గు ఒక్కటే అడిగితే చాలదు. హెచ్‌ఐవీ ముదిరినవాళ్లలో టీబీ ఉన్నా కఫం పరీక్షలో క్రిమి కనిపించకపోవచ్చు, దగ్గు కూడా పెద్దగా ఉండకపోవచ్చు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఈ నాలుగూ అడగాలి. ఒక్కటున్నా ఆరుబయట కూర్చోబెట్టి కఫం తీయాలి. బాగా నీరసించిన హెచ్‌ఐవీవాళ్లకు మూత్రంలో టీబీ క్రిమి ఆనవాలు పట్టే ల్యామ్ పరీక్ష కూడా ఉండాలి. అడిగే మనిషి రోజూ గేటు దగ్గర ఉంటేనే మీ మాటకు ఒప్పుకుంటాను. ఆ మనిషి సెలవు పెట్టిన రోజు ఏం చేస్తారు?

పల్లెనర్సు:
ఆ రోజు నేనే గేటు దగ్గర కూర్చుంటాను. మాత్రలివ్వడం గంట ఆలస్యమవుతుంది, అంతే.