అప్‌డేట్: నల్లరేగడిలో ఇంటి పునాది, సాయిల్ టెస్ట్‌లో ఏం తేలిందంటే

గుంటూరు దగ్గర మా నల్లరేగడి స్థలంలో ఇంటికి మామూలు ఫుటింగులు (పిల్లర్ల కింద వేసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మలు) సరిపోతాయా, పక్కింటి గోడలు పగిలాయి, టెన్షన్‌గా ఉంది అని అడిగాను కదా. సాయిల్ టెస్ట్ చేయించమన్నవాళ్ల మాటే పనికొచ్చింది, చాలా థాంక్స్.

బోరు వేసి చూస్తే ఫ్రీ స్వెల్ ఇండెక్స్ (మట్టి నీళ్లలో ఎంత ఉబ్బుతుందో చెప్పే కొలత) 70 శాతం వచ్చింది, అంటే తడిస్తే బాగా ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే మట్టి. ఆ కదలిక పై పొరల్లోనే ఎక్కువ కాబట్టి 3.5 మీటర్ల లోతుకి, అడుగున పైల్ (నేలలోకి దింపే కాంక్రీటు స్తంభం) వ్యాసానికి 2.5 రెట్లు వెడల్పు బల్బు, అంటే ఉబ్బెత్తు భాగం, ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ వేయమన్నారు, వేశాం. ప్లింత్ బీము (గోడల కింద వచ్చే కాంక్రీటు దూలం) మట్టికి తగలకుండా కింద ఖాళీ వదలాలి, ఇది మాత్రం దగ్గరుండి చూసుకోండి, మట్టి ఉబ్బితే బీమునే పైకి నెడుతుంది.

పునాది గుంతల్లో ఇసుక నింపితే చాలన్న సలహా మాకు కుదరలేదు, నీళ్లు అందులోంచి దిగి కింది రేగడిని ఇంకా తడుపుతాయట. పైల్సే వేశాం కాబట్టి ఫుటింగుల్లో స్టీలు పెంచాల్సిన పని కూడా రాలేదు. ఇప్పుడు గోడలు లేస్తున్నాయి.