అప్‌డేట్: ఆ కౌబాయ్ మర్డర్ మిస్టరీ దొరికింది, చూసేశాను
మూకీల చివరి రోజుల హాలీవుడ్‌లో ఒక సినిమా కౌబాయ్, ఒక నిజమైన మార్షల్ (పాత అమెరికా పోలీసు అధికారి) కలిసి హత్య కేసు తేల్చే సినిమా పేరేంటని అడిగాను కదా. మీలో ఎక్కువమంది చెప్పిన ‘సన్‌సెట్’ (1988) అదే. థాంక్స్!

ఆ సినిమా కౌబాయ్, అప్పటి మూకీ స్టార్ టామ్ మిక్స్‌గా బ్రూస్ విల్లిస్ పర్లేదు. ఆ మార్షల్ వ్యాట్ ఎర్ప్‌గా జేమ్స్ గార్నర్ మాత్రం అదరగొట్టాడు. 1967లోనే ఒకసారి ఆ పాత్ర వేశాడు మరి, ఆ ధీమా ప్రతి సీన్లో కనిపిస్తుంది. దర్శకుడు బ్లేక్ ఎడ్వర్డ్స్ కాసేపు కామెడీ, కాసేపు రక్తపాతం చూపిస్తాడు. నాకైతే ఆ కలగాపులగమే నచ్చింది. హంతకుడెవరో తొందరగానే తెలిసిపోతుంది, సస్పెన్స్ కోసం చూడకండి.

చరిత్ర లెక్కలు కూడా తీయకండి. కథ నడిచేది మొదటి ఆస్కార్ వేడుక రోజుల్లో. ఆ వేడుక 1929 మేలో జరిగితే, అసలు ఎర్ప్ ఆ జనవరిలోనే పోయాడు. సినిమాలో మాత్రం అప్పటికీ దర్జాగా తిరుగుతుంటాడు!